కుట్టు నేర్చుకునేవాళ్లు కావాలా, కుట్టించుకునేవాళ్లు కావాలా? యూట్యూబ్, ఇన్‌స్టా, వాట్సాప్‌లలో మీకు ఏది సరిపోతుంది

ఇంట్లో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతూ, తమ పని ఆన్‌లైన్‌లో నలుగురికీ తెలియాలనుకునే ఆడవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లందరూ మొదట అడిగేది ఒకటే: "యూట్యూబ్ పెట్టాలా, ఇన్‌స్టా పెట్టాలా?" జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. మీకు కుట్టు నేర్చుకునేవాళ్లు కావాలా, మీ దగ్గర కుట్టించుకునేవాళ్లు కావాలా?

ఈ ఇద్దరూ ఒకచోట దొరకరు. భీమవరంలో ఉన్న టైలర్ కటోరి బ్లౌజ్ కటింగ్ మీద మంచి వీడియో పెడితే దాన్ని చూసేవాళ్లు ఆదిలాబాద్‌లో ఉంటారు, బళ్లారిలో ఉంటారు, డల్లాస్‌లో ఉంటారు. వాళ్లకు కావలసింది తమ బ్లౌజు తామే కుట్టుకోవడం. భీమవరంలోనే పెళ్లి కుదిరిన అమ్మాయికి మాత్రం చంక దగ్గర ఎన్ని అంగుళాలు వదలాలో అక్కర్లేదు. వెనక మెడ డిజైన్ ఎలా వచ్చింది, మగ్గం వర్క్‌కి ఎంత తీసుకుంటారు, ముహూర్తానికి ముందే ఇస్తారా అన్నవే ఆమెకు ముఖ్యం. సబ్‌స్క్రైబర్లు యాభై వేలు దాటినా ఊళ్లో ఒక్క ఆర్డరు పెరగని ఛానల్ ఉండొచ్చు. రెండు వేల మంది ఫాలోవర్లతోనే శ్రావణమాసం అంతా ఊపిరాడని పని ఉన్న అకౌంటూ ఉండొచ్చు. ఇందులో ఏది విజయమో మీ ఇంటికి డబ్బు ఏ దారిలో రావాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. అది తేల్చుకోకుండా రెండూ మొదలుపెడితే రెండింటికీ సగం సగం టైమ్ పెట్టి, ఏదీ కదలక, మూడో నెలలో మానేస్తారు.

నేర్పించాలనుకుంటే యూట్యూబ్

నేర్చుకునేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. యూట్యూబ్ బలమంతా అందులోనే ఉంది. "38 సైజు లైనింగ్ బ్లౌజ్ కటింగ్", "చంక దగ్గర ముడతలు ఎందుకు వస్తాయి", "ప్రిన్సెస్ కట్‌కి డాట్స్ ఎలా" అని టైప్ చేసో, నోటితో అడిగో వెతికే మనిషికి ఆ క్షణంలో జవాబు కావాలి. మీ వీడియో ఆ జవాబు అయితే ఈ రోజు పెట్టింది రెండేళ్ల తర్వాత కూడా చూస్తారు. ఇన్‌స్టాలో పెట్టే చిన్న వీడియోకి, అంటే రీల్‌కి, సాధారణంగా అంత ఆయుష్షు ఉండదు. చాలా రీల్స్ పరుగు కొన్ని రోజులతోనే ఆగిపోతుంది.

అందుకే టైటిల్‌లో కవిత్వం వద్దు. జనం వెతికే మాటే పెట్టండి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి రాయండి. మనవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. ఒక వీడియోలో ఒక్క సమస్యే తీసుకోండి. "బ్లౌజ్ కటింగ్ పూర్తి వివరాలు" అని నలభై నిమిషాలు చెప్పేకంటే "భుజం జారిపోకుండా మెడ ఎలా తీయాలి" అని పది నిమిషాలు చెబితే చివరిదాకా చూస్తారు.

మొదటి అరనిమిషం చాలా విలువైనది. లోగో తిరగడం, మ్యూజిక్ రావడం, "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానల్, లైక్ చేయండి, షేర్ చేయండి" అని చెప్పుకుంటూ పోవడం, ఇవన్నీ అయ్యేలోపు సగం మంది వెళ్లిపోతారు. ఛానల్ లెక్కలు చూసుకునే యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకీ రిటెన్షన్ గ్రాఫ్ ఉంటుంది, అంటే ఏ క్షణానికి ఎంతమంది మిగిలారో చూపించే గీత. అది ఎక్కడ పడిపోయిందో ఒకసారి చూస్తే మీకే తెలుస్తుంది. ముడతలు పడిన బ్లౌజు, పడని బ్లౌజు పక్కపక్కన చూపించి "ఈ తేడా ఎలా వస్తుందో చూద్దాం" అని నేరుగా పనిలోకి దిగండి.

కెమెరా గురించి టెన్షన్ పడకండి. చేతిలో ఉన్న ఫోను చాలు. ఖర్చు పెట్టాలనుకుంటే ముందు చిన్న కాలర్ మైకు కొనండి, తర్వాత ఫోన్‌ని పైనుంచి కిందికి చూపించే స్టాండు కొనండి. మన ఇళ్లలో ఫ్యాను చప్పుడు, మిషన్ చప్పుడు గొంతును మింగేస్తాయి. చూపించే గుడ్డ ప్రింట్ లేనిది, లేత రంగుది తీసుకుని ముదురు చాక్‌తో గీయండి. ముందు పేపర్ కటింగ్ చూపించి తర్వాత గుడ్డ మీద చూపిస్తే కొత్తగా నేర్చుకునేవాళ్లు మిమ్మల్ని వదలరు. ముఖం చూపించడం ఇష్టం లేకపోయినా, ఇంట్లోవాళ్లు వద్దన్నా బెంగ అక్కర్లేదు. నేర్పే వీడియోలకు చేతులు, గొంతు ఉంటే సరిపోతుంది.

భాష విషయంలో మాత్రం నాది గట్టి అభిప్రాయం. మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే మాట్లాడండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్‌లో గంగవ్వ తన తెలంగాణ మాటతోనే రెండు రాష్ట్రాల్లోనూ ఇంటి మనిషైంది. నూరేళ్లు దాటిన మస్తానమ్మ కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని యూట్యూబ్‌లో వండి చూపిస్తూ, 2018లో కన్నుమూసేలోపు పది లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లను చూసింది. ఆమె దగ్గర స్టూడియో లైట్లు లేవు, టీవీ యాంకర్ తెలుగూ లేదు. టీవీ భాష అరువు తెచ్చుకుని మాట్లాడే టైలర్ కంటే "ఇదిగో ఇక్కడ అరంగుళం కుట్టుకి వదలండమ్మా" అనే టైలర్ దగ్గరే జనం ఆగుతారు.

తర్వాతి వీడియో ఏం చేయాలో కామెంట్లే చెబుతాయి. "అక్కా, 42 సైజుకి చెప్పండి", "మా అమ్మకి వీపు వంగి ఉంటుంది, ఎలా తీయాలి" అని అడిగితే వాళ్లకు రెండు లైన్ల జవాబు రాసి, ఆ ప్రశ్ననే వీడియో చేయండి. ఒక్కరు అడిగారంటే అడగకుండా వెతుకుతున్నవాళ్లు ఇంకెందరో ఉంటారు.

ఇక డబ్బు. ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. లేదా గంటలకు బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కి (యూట్యూబ్‌లో పెట్టే చిన్న వీడియోలకి) కోటి వ్యూస్ రావాలి. దీనికంటే ముందు మెట్టు ఒకటుంది. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 వీడియోలు, వీటితోపాటు 12 నెలల్లో 3,000 గంటలు గానీ 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వ్యూస్ గానీ ఉంటే చూసేవాళ్లే మీకు డబ్బిచ్చే సూపర్ థ్యాంక్స్, మెంబర్‌షిప్ లాంటివి తెరుచుకుంటాయి, ప్రకటనల వాటా మాత్రం రాదు. 4,000 గంటలు అనగానే భయపడేవాళ్లకు లెక్క చెబుతాను. ఒక్కొక్కరు సగటున ఐదు నిమిషాలు చూస్తే పన్నెండు వ్యూస్‌కి ఒక గంట, అంటే మొత్తం 48,000 వ్యూస్. మంచి వీడియోలు ముప్పై ఉంటే ఒక్కోదానికి 1,600. ఏడాది ఓపిక పట్టేవాళ్లకు ఇది అందని పండేమీ కాదు.

వాటా విషయానికొస్తే పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం మీది. అదే వీడియో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు చూస్తే ఇక్కడి వ్యూస్ కంటే ఎక్కువే వస్తుంది, అక్కడ ప్రకటనల రేట్లు ఎక్కువ కాబట్టి. అక్కడ బ్లౌజు కుట్టించుకోవడం ఖరీదైన వ్యవహారం, అందుకని సొంతంగా నేర్చుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. యూట్యూబ్ ఆదాయం జమయ్యే గూగుల్ ఖాతాలో 10 డాలర్లు చేరాక మీ ఇంటి అడ్రసుకి పోస్టులో ఒక పిన్ నంబరు వస్తుంది. అడ్రసు తప్పుగా ఇచ్చి, ఆ కవరు కోసం నెలల తరబడి ఎదురుచూసే అవస్థ తెచ్చుకోకండి. 100 డాలర్లు దాటాకే డబ్బు బ్యాంకులో పడుతుంది.

అయినా టైలర్‌కి అసలు ఆదాయం ప్రకటనల కంటే ఆన్‌లైన్ క్లాసుల్లోనే ఉందని నా నమ్మకం. ఉచితంగా నేర్పే ముప్పై వీడియోలు చూసి మీ మీద గురి కుదిరిన పది మంది, నెల రోజుల బ్యాచ్‌కి ఫీజు కట్టడానికి వెనుకాడరు.

షార్ట్స్ గురించి ఒక జాగ్రత్త. 2024 అక్టోబర్ నుంచి మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. అయితే షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైమ్ ఆ 4,000 గంటల్లో కలవదు. పైగా షార్ట్స్ చూసి సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు పెద్ద వీడియోలు చూస్తారన్న నమ్మకం లేదు. షార్ట్ చేస్తే దానికి సంబంధించిన పెద్ద వీడియోని 'రిలేటెడ్ వీడియో'గా తగిలించండి. అలా దారి చూపని షార్ట్‌తో నంబర్లు పెరుగుతాయి, నేర్చుకునేవాళ్లు పెరగరు.

ఆర్డర్లు కావాలంటే ఇన్‌స్టా, కానీ ఊరి పేరుతో

కుట్టించుకునేవాళ్లు వెతకడం తక్కువ, చూసి మనసు పడటం ఎక్కువ. రాత్రి పడుకునే ముందు ఫోన్ తిప్పుతుంటే ఒక డిజైన్ కనిపిస్తుంది, వెంటనే అక్కకో వదినకో పంపిస్తారు: "నా పెళ్లికి ఇలాంటిదే కుట్టిద్దాం." ఇన్‌స్టా అధిపతి ఆడమ్ మొస్సేరి బహిరంగంగానే చెప్పిన విషయం ఇది: రీల్‌ని ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది వేరేవాళ్లకు పంపారు అన్నవి వాళ్ల లెక్కలో ముఖ్యమైనవి. కొత్తవాళ్లకు చేరడంలో పంపడానికి ఎక్కువ విలువ. కాబట్టి రీల్ చేసేటప్పుడు "దీన్ని ఎవరు ఎవరికి పంపుతారు?" అని ఆలోచించండి. పాత పట్టుచీరకి కొత్త బ్లౌజు, పెళ్లికూతురి పక్కన నిలబడే చెల్లెలికి తక్కువ ఖర్చులో వర్క్, లావుగా ఉన్నవాళ్లకు నప్పే మెడలు. ఇవి పంపుకునే విషయాలు. మిషన్ మీద మీ చేయి వేగంగా కదలడం చూడముచ్చటగా ఉంటుంది గానీ దాన్ని ఎవరూ ఎవరికీ పంపరు.

మీకు కావలసిన జనం ఊరి చుట్టూ పాతిక కిలోమీటర్లలో ఉన్నారు. అందుకే పేరు రాసే చోట "శ్రీ లక్ష్మి డిజైన్స్" అని ఊరుకోకుండా "బ్లౌజ్ డిజైనర్, భీమవరం" అని కూడా చేర్చండి. అక్కడ రాసింది వెతికినప్పుడు దొరుకుతుంది. ప్రతి పోస్టుకీ లొకేషన్ పెట్టండి. క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే పనిచేయదు కాబట్టి వాట్సాప్ లింకు బయోలో, అంటే ప్రొఫైల్‌లో పేరు కింద రాసుకునే చోట ఉండాలి.

వీటన్నిటికంటే బాగా పనిచేసేది కొలాబ్ పోస్టు. మీ ఊళ్లో చీరల షాపు ఉంటుంది, పెళ్లికూతుళ్లకు మేకప్ వేసే అమ్మాయి ఉంటుంది, ఫొటోగ్రాఫర్ ఉంటాడు. మీరు వెతుకుతున్న పెళ్లివాళ్లు ఇప్పటికే వాళ్లను ఫాలో అవుతున్నారు. షాపువాళ్ల చీరకు మీరు బ్లౌజు కుట్టి, ఆ రీల్‌ని ఇద్దరి పేరు మీదా పెడితే అది రెండు ప్రొఫైల్స్‌లోనూ కనిపిస్తుంది. దేశమంతా లక్షమంది చూసే వైరల్ రీల్ కంటే ఊళ్లో వెయ్యిమంది చూసే ఈ రీల్‌తోనే ఎక్కువ బ్లౌజులు మీ టేబుల్ మీదికి వస్తాయి.

పాటల దగ్గర ఒక తేడా ఉంది. ఇన్‌స్టాలో బిజినెస్ అకౌంట్ పెడితే చాలా సినిమా పాటలు వాడుకోనివ్వదు. క్రియేటర్ అకౌంట్‌లో ఎక్కువ దొరుకుతాయి, అయినా అమ్మకం కోసం చేసే రీల్‌కి పాట హక్కుల సమస్య పూర్తిగా తీరినట్టు కాదు. యూట్యూబ్‌లో సినిమా పాట పెడితే ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు పాట హక్కుదారులకు పోవచ్చు. రెండుచోట్లా మీ గొంతుతో మాట్లాడటం క్షేమం.

"ధర కోసం డీఎం (విడిగా మెసేజ్) చేయండి" అనే అలవాటు నాకు నచ్చదు. లైనింగ్ బ్లౌజు ఎంత నుంచి మొదలు, మగ్గం వర్క్ ఎంత నుంచి మొదలు, ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, ఇవి ప్రొఫైల్‌లో నిలిచి ఉండే హైలైట్స్‌లో అందరికీ కనపడేలా పెట్టండి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో మనకు ఎప్పటికీ తెలియదు. ఇంకో మాట. కస్టమర్ బ్లౌజు వేసుకున్న ఫొటో పెట్టే ముందు ఆమెను అడగండి. ఒప్పుకుంటేనే పెట్టండి, ముఖం వద్దంటే తీసేయండి. చిన్న ఊళ్లలో ఒక్క ఫొటోతో ఒక అమ్మాయికి ఇంట్లో ఇబ్బంది రావచ్చు.

ఇన్‌స్టాలో ప్రకటనల వాటాని యూట్యూబ్‌లోలా నమ్ముకోవడానికి లేదు. డబ్బు ఆర్డర్ల నుంచి రావాలి, లేదా ఫాలోవర్లు పెరిగాక ఎవరైనా ఇచ్చే ప్రమోషన్ నుంచి రావాలి. దారాలో లైనింగ్ గుడ్డలో ఉచితంగా ఇచ్చి చెప్పమన్నా అది ప్రకటనే. ఆ సంగతి స్పష్టంగా రాయాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ నియమాలు పెట్టాయి.

వచ్చినవాళ్లను నిలుపుకోవడానికి వాట్సాప్

వాట్సాప్ మీకు కొత్తవాళ్లను పెద్దగా తేదు. కానీ ఒకసారి కుట్టించుకున్న మనిషి మళ్లీ వచ్చేది దీని వల్లే. దీంట్లో నాలుగు దారులున్నాయి, జనం వీటిని కలిపేసుకుంటారు. స్టేటస్, వాళ్లు మీ నంబరు, మీరు వాళ్ల నంబరు సేవ్ చేసుకున్నప్పుడే వాళ్లకు కనిపిస్తుంది. చిన్న ఊళ్లో టైలర్‌కి ఇదే అన్నిటికంటే బలమైనది, ఖర్చు లేనిది. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పట్టినా, మీ నంబరు సేవ్ చేసుకోని వాళ్లకు మెసేజ్ వెళ్లదు. వాట్సాప్ ఛానల్ మన దేశానికి 2023 సెప్టెంబరులో వచ్చింది. ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, పోస్టులు ముప్పై రోజులు ఉంటాయి. నేర్పేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. యూట్యూబ్ వీడియో పెట్టగానే లింకు ఇక్కడ వేస్తే మొదటి గంటలోనే మీవాళ్లు చూస్తారు.

గ్రూపు మాత్రం ఆలోచించి పెట్టండి. 1,024 మంది దాకా చేర్చవచ్చు గానీ అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడ కస్టమర్ల నంబర్లు అడక్కుండా గ్రూపులో కలిపితే తెలియని మనుషుల మెసేజులు వాళ్లకు వెళ్తాయి, ఆ తప్పు మీ మీదికి వస్తుంది. ఫీజు కట్టి చేరిన క్లాసు విద్యార్థులకు గ్రూపు, కస్టమర్లకు స్టేటస్. నేనైతే ఈ గీత దాటను.

ఫేస్‌బుక్‌లో ఇన్‌స్టా రీల్స్‌నే అదనపు శ్రమ లేకుండా వేసుకోవచ్చు, నలభై దాటిన ఆడవాళ్లు అక్కడే ఎక్కువ. ప్యాటర్న్ పీడీఎఫ్‌లు పంచాలంటే టెలిగ్రామ్ బాగుంటుంది. ఎక్స్‌లో (పాత ట్విట్టర్‌లో) బ్లౌజుల కోసం వచ్చేవాళ్లు లేరు, అటు టైమ్ పెట్టకండి.

టైలర్ కాకపోయినా ఈ ప్రశ్న ఇలాగే పనిచేస్తుంది. మిర్చికి తామర పురుగు ఎలా ఆపాలో చెప్పే రైతు దగ్గరికి జనం వెతుక్కుంటూ వస్తారు, ఆయనకు యూట్యూబ్. కేకులు చేసే అమ్మాయికి చూసి ముచ్చటపడేవాళ్లు కావాలి, ఆమెకు ఇన్‌స్టా. ఆవకాయ అమ్మేవాళ్లకు మళ్లీ మళ్లీ కొనే పాత ఖాతాదారులే బలం, వాళ్లు ముందు వాట్సాప్ చూసుకోవాలి.

ఎప్పుడు ఏది

రెండూ చేయాలని గట్టిగా ఉంటే ఒకటి నిలబడ్డాకే రెండోది ఎత్తుకోండి. మన పనికి క్యాలెండర్ కూడా ముఖ్యం. ఆషాఢంలో తగ్గింపు ధరలకు చీరలు కొంటారు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికీ పెళ్లిళ్లకూ కట్టుకుంటారు. డిజైన్ల రీల్స్ ఆషాఢంలోనే పడాలి. శ్రావణంలో మీకు తల ఎత్తే తీరిక ఉండదు, అప్పుడు స్టేటస్ చాలు. నేర్పే వీడియోలు పని తక్కువగా ఉన్న రోజుల్లో నాలుగైదు ఒకేసారి తీసి పెట్టుకుని వారానికొకటి వదలండి.

ఫాలోవర్లను కొనడం, "మీది నేను సబ్‌స్క్రైబ్ చేస్తా, నాది మీరు చేయండి" అనే గ్రూపుల్లో చేరడం, ఈ రెండూ వద్దు. రెండూ యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధమే. అలా వచ్చినవాళ్లు మీ వీడియో చూడరు. చూడని సబ్‌స్క్రైబర్లు ఎంత పెరిగినా ఛానల్ పైకి రాదు.

2020 జూన్ 29న టిక్‌టాక్ మీద నిషేధం పడినప్పుడు లక్షల ఫాలోవర్లున్న తెలుగు కుర్రాళ్లు, అమ్మాయిలు ఒక్క రాత్రిలో అన్నీ పోగొట్టుకున్నారు. అకౌంట్లు హ్యాక్ అవడం మరీ మామూలైంది. "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజులను నమ్మవద్దు. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఈ రోజే ఆన్ చేసుకోండి. కస్టమర్ల పేర్లు, నంబర్లు, కొలతలు మీ సొంత పుస్తకంలో ఉండాలి.

ఆ కొలతల పుస్తకంలోనే ఇంకో గడి గీయండి. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ "మమ్మల్ని ఎక్కడ చూశారమ్మా?" అని అడిగి రాసుకోండి. మూడు నెలలయ్యాక ఆ గడిని, ఇన్‌స్టా ఇన్‌సైట్స్‌లో మీ ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో చూపించే లిస్టునీ పక్కపక్కన పెట్టుకోండి. లిస్టులో హైదరాబాద్, బెంగళూరు ముందుండి మీ ఊరు అడుగున ఉంటే డిజైన్లు మార్చనక్కర్లేదు, కొలాబ్‌లు, లొకేషన్లు పెంచండి. పుస్తకంలో ఎక్కువమంది "మా పిన్ని స్టేటస్‌లో చూశాం" అని ఉంటే రీల్స్‌కి పెట్టే టైమ్‌లో సగం తీసి, పాత కస్టమర్లకు పంపడానికి పనికొచ్చే ఫొటోల మీద పెట్టండి.